రాయలవారి మొహం మీద మచ్చలు

ఆరేడేళ్ళ పిల్లలకి చరిత్ర చెప్పడానికి బొమ్మల పుస్తకాన్ని మించింది లేదు. ఆ విషయంలో నాకు ఎవరితోనూ పేచీ లేదు. నా పేచీ అంతా ఆ బొమ్మలతోనే.

ఈ మధ్య తిరుపతిలో ఒక పుస్తకాల ప్రదర్శనకి పోయినప్పుడు మా తమ్ముడి కూతురి కోసం శ్రీకృష్ణదేవరాయల మీద ఒక పల్చటి పుస్తకం కొన్నాను. మంచి కాగితం, నిండుగా రంగులు, పేజీకి రెండు మూడు వాక్యాలు. అట్ట మీద రాయలవారు నిలువెత్తు మనిషి. మెలితిప్పిన మీసాలు, కండలు తిరిగిన భుజాలు, మెడ వంగిపోయేంత కిరీటం, వెనకాల ఉదయిస్తున్న సూర్యుడు. మా పిల్ల ఒకటో తరగతి. పుస్తకం చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "అత్తా, ఇది చూసి వేసినారా, చూడకుండా వేసినారా?" అని అడిగింది.

బడికి పోయే పిల్లలకి ఈ తేడా బాగా తెలుసు. ఎదురుగా మామిడికాయ పెట్టుకుని వేస్తే చూసి వేసినట్టు, మనసులో అనుకుని వేస్తే చూడకుండా వేసినట్టు. రెండోదే గొప్ప. పక్కవాళ్ళ పుస్తకంలో చూసి వేస్తే పరువు పోతుంది. మా పిల్ల అడిగింది ఆ లెక్కలోనే. కానీ చరిత్ర మీద బొమ్మల పుస్తకాలు చేసేవాళ్ళు ప్రతి పేజీకీ వేసుకోవాల్సిన ప్రశ్న అదేననిపించింది.

రాతలో తప్పించుకునే దారులున్నాయి. "అని చెప్తారు", "అయ్యుండొచ్చు" అని రాసి ఊరుకోవచ్చు. బొమ్మలో ఆ వీలు లేదు. మీసం గీశాక మీసం ఉన్నట్టే. కూడబలుక్కుని చదివే వయసులో పిల్లలు వాక్యాన్ని వదిలేసి బొమ్మనే చదువుతారు. పెద్దయ్యాక ఎన్ని గ్రంథాలు తిరగేసినా ఆ మొదటి మొహం పోదు. మా తరంలో రాయలవారనగానే ఎన్.టి. రామారావు కళ్ళముందుకు రానివాళ్ళు ఎంతమంది?

కొండమీద ఉన్న రాయలవారు

మిగతా ఊళ్ళ సంగతేమో గానీ, తిరుపతిలో అమ్మే పుస్తకానికి రాయలవారిని గాల్లోంచి పట్టుకురావాల్సిన అవసరమేముంది? కొండమీద మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో ఆయనే నిలబడి ఉన్నాడు, అటు ఇటు తిరుమలదేవి, చిన్నాదేవి. ఆయన కాలంలోనే పెట్టించిన లోహపు విగ్రహాలు. క్యూలో తోపులాట, గోవిందనామాలు, "జరగండి జరగండి" కేకల మధ్య వాటిని నిదానంగా చూసే భాగ్యం ఎవరికీ ఉండదనుకోండి. ఆ విగ్రహానికి కిరీటం లేదు, పొడవాటి టోపీ ఉంది. పైన చొక్కా లేదు. కత్తి అసలే లేదు, రెండు చేతులూ జోడించి ఉన్నాయి. 1513 నుంచి 1521 లోపు ఏడుసార్లు కొండకి వచ్చిన రాజు, నేను లేనప్పుడు కూడా నన్ను ఇక్కడ ఇలాగే ఉంచండి అన్నట్టు పెట్టించుకున్న రూపం అది. నేను కొన్న పుస్తకంలో ఆ విగ్రహం ఊసే లేదు.

విగ్రహం మాత్రం అచ్చంగా చూసి చేసిందేనా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. శిల్పులకి వాళ్ళ కొలతలుంటాయి, పద్ధతులుంటాయి. రాజు ఎదుట పని చేసేవాడికి భయం కూడా ఉంటుంది. ఆ అనుమానం ఊరికే రాలేదు, దానికి ఒక సాక్షి ఉన్నాడు. 1520 ప్రాంతంలో విజయనగరంలో తిరిగిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు రాయలవారిని కళ్ళారా చూసి రాసిపెట్టాడు. మధ్యరకం ఎత్తు, మంచి ఛాయ, సన్నమనడం కంటే కాస్త లావు అనాలి, మొహం మీద మశూచి మచ్చలు. విగ్రహంలో ఆ మచ్చలు కనపడవు. మన సినిమాల్లో, కేలెండర్లలో, పిల్లల పుస్తకాల్లో కనపడే ప్రశ్నే లేదు.

నూనె తాగే రాజు

అదే పేస్ ఇంకో సంగతి రాశాడు. రాయలవారు తెల్లవారకముందే లేచి నువ్వుల నూనె తాగుతాడు, గ్లాసు పైమాటే. ఒంటికీ అదే నూనె పట్టిస్తారు. చిన్న గోచీ బిగించి, మట్టితో చేసిన బరువులు ఎత్తుతాడు. తాగిన నూనంతా చెమటై బయటికి వచ్చేదాకా కత్తి తిప్పుతాడు. తర్వాత ఒక మల్లుడితో కుస్తీ. ఆపైన గుర్రమెక్కి తెల్లారేదాకా మైదానంలో పరుగులు.

ఆదివారాలు మా వీధి పిల్లలు కొందరు మా వరండాలో కూర్చుని పుస్తకాలు చదువుకుంటారు. కొన్న పుస్తకంలో ఈ పేజీ లేదు కాబట్టి నోటితోనే చెప్పాను. "నూనె తాగినాడా! ఛీ!" అని ఒకటే గోల. "మా అవ్వ నాకు ఆముదం తాపించింది, నేను కక్కేసినా" అని ఒకడు గొప్పగా చెప్పుకున్నాడు. ఇంకొకడు పోయి గోడ పక్కనున్న ఇటుకరాయి ఎత్తి చూపించాడు. తర్వాత అందరూ రాయలవారి బొమ్మ వేశారు. పక్కింటి పాప ఎర్ర స్కెచ్ పెన్నుతో మొహమంతా చుక్కలు పెట్టింది, మొహం కన్నా చుక్కలే ఎక్కువ. మా అమ్మ చూసి, "ఏమే, రాజుకి అమ్మవారు పోసిందా?" అంది. అక్కడినుంచి మాట మశూచి మీదికి పోయింది. అమ్మ జాకెట్టు చెయ్యి పైకి జరిపి భుజం కింద టీకా మచ్చ చూపించింది. పావలా బిళ్ళంత, గుంట పడి, ముడతలుగా. పిల్లలు వరసగా వచ్చి వేలితో తడిమి చూశారు. తమ చేతులమీద వెతుక్కున్నారు, ఎవరికీ లేదు. మాకెందుకు లేదు అంటే, ఆ జబ్బే ఇప్పుడు లేదు, 1980లో ప్రపంచం మొత్తం మీద పోయిందని ప్రకటించారు అని చెప్పాను. రాజుకి టీకా వేయలేదా అని అడిగారు. అప్పటికి టీకా ఇంకా పుట్టలేదు అన్నాను. రాజుకి కూడా లేదా అని ఒకడు నమ్మలేనట్టు మళ్ళీ అడిగాడు.

నా వాదనంతా ఆ అరగంటలో ఉంది. తెలిసిన సంగతి పుస్తకంలో లేదు, పిల్లలకి నచ్చేది అదే. తెలియని సంగతి పేజీ నిండా ఉంది, అది ఎవరికీ గుర్తు లేదు. ఆ సూర్యుడి గురించి ఒక్క పిల్ల మాట్లాడలేదు.

"ఆ వయసులో ఇదంతా ఎందుకు?"

చిన్న తరగతులకి చెప్పే నా స్నేహితురాలు ఒకామె ఇదంతా విని కొట్టిపారేసింది. "నిన్నకీ పోయినేడుకీ తేడా తెలియని పిల్లలే వాళ్ళు. ముందు రాజంటే ఇష్టం కలగనీ, గుర్రమంటే ఇష్టం కలగనీ. అనుమానాలు హైస్కూల్లో చూసుకోవచ్చు. చందమామ బొమ్మలు చూసి పెరిగినాం మనం, ఏం పాడైపోయినాం?"

ఆమె మాటలో నిజం లేకపోలేదు. మా పిల్లకి ఇప్పటికీ గడిచిపోయిందంతా నిన్నే. "నిన్న మనం బీచికి పోయినాం గదా" అంటుంది, అది పోయిన ఎండాకాలం. అలాంటి పిల్లకి 1513 అంటే అదొక పెద్ద అంకె, అంతే. సంవత్సరాలు వల్లె వేయించే పుస్తకాలు నాకూ వద్దు.

కానీ కాలం అంటే అంకె ఒక్కటే కాదు. శ్రీకాళహస్తి రాజగోపురాన్ని తీసుకోండి. రాయలవారు 1516లో కట్టించింది. 2010 మే 26న కూలిపోయింది. ముందు పగుళ్ళు కనపడటం, తర్వాత మట్టిదిబ్బ కావడం, చిత్తూరు జిల్లావాళ్ళెవరూ మరిచిపోలేదు. కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. నిలబడి ఉన్నప్పటి ఫొటో, పగులుతో ఉన్న ఫొటో, రాళ్ళకుప్ప, కొత్త గోపురం వరసగా పెట్టి చూపిస్తే, "ఇది నేను పుట్టకముందు, ఇది నాన్న చిన్నప్పుడు కూడా ఉన్నింది" అని పిల్ల తనే సర్దుకుంటుంది. పుట్టకముందు అనే గీత ఒకటి పిల్లల మనసులో ముందే ఉంది. పుస్తకం ఆ గీతని కొంచెం కొంచెం వెనక్కి జరపాలి.

చందమామ మాటకొస్తే, బేతాళుడి కథ ఇది నిజంగా జరిగింది అనలేదు. శవం భుజాన వేసుకుని నడిచే రాజు బొమ్మని ఎలా గీసినా ఎవరికీ అభ్యంతరం లేదు. "మన చరిత్ర" అని అట్టమీద అచ్చువేసిన పుస్తకం ఇది జరిగింది అంటోంది. అలా అన్నాక లెక్క వేరు.

ఇష్టం కలగాలన్న మాటకి మాత్రం నా దగ్గర గట్టి జవాబు లేదు. మచ్చలున్న రాజు కన్నా మీసాలున్న రాజు మీదే కొందరు పిల్లలకి మోజు కలుగుతుంది. మా వరండాలో కూడా ఒకడు మచ్చల్లేకుండా, కిరీటంతోనే వేశాడు. వేసుకోనీ. వాడిది చూడకుండా వేసిన బొమ్మ, ఆ సంగతి వాడికి తెలుసు.

ఎవరూ చూడని దృశ్యాలు

మొహాల కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేవి దృశ్యాలు. చంద్రగిరి రాజమహల్ చూడటానికి పోయిన ప్రతివాళ్ళకీ మద్రాసు కథ చెప్తారు. 1639 ఆగస్టులో ఇంగ్లీషువాళ్ళకి చెన్నపట్నం తీరంలో జాగా ఇచ్చిన కథ. దాన్ని బొమ్మగా వేసేవాళ్ళు రాజుని సింహాసనం మీద కూర్చోబెడతారు, ముందు టోపీ తీసి వంగిన తెల్లదొర, చేతి నుంచి చేతికి మారుతున్న కాగితపు చుట్ట. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకి ఆ పట్టా ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు, చంద్రగిరి రాజు కింద ఉన్న నాయకుడు. ఒక తీరం చేతులు మారడం వెనక నాయకుడి లెక్కలు, రాజు బలహీనత, కంపెనీ బేరం ఇన్ని ఉంటే, బొమ్మ వాటన్నిటినీ ఒక గదిలోకి, ఒక్క నిమిషంలోకి కుదించేసింది. పిల్ల దాన్ని చూసి రాజు చాలా మంచోడు, అడగ్గానే ఇచ్చేసినాడు అనుకుంటుంది. అనుకుంది కూడా.

దీనికి విరుగుడు ఏమిటంటే, ఉన్నదాన్ని గీయడం. ఆ మూడంతస్తుల మహల్ ఉంది, వెనక కొండ ఉంది, కొండమీద గోడ ఉంది. మద్రాసులో కోట ఉంది. ఒక పేజీలో ఇది, ఎదురు పేజీలో అది, మధ్యలో గుర్రం మీద పోయే మనిషిని ఒకణ్ణి వేసి "ఇంత దూరం ఎన్ని రోజులు పట్టి ఉంటుంది?" అని అడిగితే చాలు. రాజు మొహం అక్కర్లేదు.

పల్లవ రాణి సామవై పేజీ కూడా అలాగే ఉండాలంటాను. తిరుమల గుళ్ళో రోజూ ఏకాంతసేవ అందుకునే భోగ శ్రీనివాసుడి వెండి విగ్రహం ఆమె ఇచ్చిందే. ఇచ్చినట్టు గుడి గోడ మీద శాసనం ఉంది. ఆమె ఏ కాలం మనిషి అన్నదాని మీద పండితులకి తేడాలున్నాయి, 7వ శతాబ్దం అనేవాళ్ళున్నారు, 10వ శతాబ్దం అనేవాళ్ళున్నారు. మనకి తెలిసింది ఒక పేరు, ఒక వెండి విగ్రహం, కొన్ని నగలు, కొంత భూమి. అలాంటప్పుడు ఆమెకి సినిమా రాకుమారి మొహం పెట్టడం దేనికి? వీపు తిప్పి నిలబెట్టండి. పక్కన రాయిమీది అక్షరాల ఫొటో వేయండి. కొండమీదా కిందా కలిపి వెయ్యికి పైగా శాసనాలున్న ఊళ్ళో పుట్టిన పిల్లకి, గోడల మీద ఆడవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయని తెలిస్తే అదే ఎక్కువ. అన్నమయ్య పేజీలో కూడా తంబూరా పట్టుకున్న మొహం కంటే, గుళ్ళో ఒక రాతి అరలో తరతరాలు మరుగున పడి ఉన్న రాగిరేకుల ఫొటో పిల్లల్ని ఎక్కువసేపు కూర్చోబెడుతుంది. తమకి వచ్చిన అక్షరం అందులో ఎక్కడైనా ఉందా అని వెతుకుతారు.

కాళహస్తి పద్ధతి

ఇప్పుడు ఎవరూ బొమ్మలు వేయడం లేదనుకోండి, కంప్యూటర్‌కి చెప్తే అదే వేసి ఇస్తోంది. బడి వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి జయంతికీ మెరిసిపోయే బొమ్మ ఒకటి దిగుతుంది. చర్మం మీద చెమట కూడా కనపడుతుంది, వెలుగు ఎక్కడినుంచి వస్తోందో కనపడుతుంది. పాత నేషనల్ లీడర్స్ చార్టులోని గులాబీ బుగ్గలు చూసి ఇది ఫొటో కాదని ఎవరైనా చెప్పేవాళ్ళు. దీన్ని చూసి పెద్దవాళ్ళే చెప్పలేకపోతున్నారు.

మనకి ఇంకో పద్ధతి పక్కనే ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డని చూడండి. గడులు గడులుగా విడదీసి ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం, కింద తెలుగులో రెండు ముక్కలు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము ఊరబెట్టిన కసిమితో నల్లటి గీత. అందులో అందరి కళ్ళూ ఒకటే తీరు, మొహాలూ దాదాపు ఒకటే. చేతిలో ఏముందో, ఏం చేస్తున్నారో చూసి ఎవరో గుర్తుపట్టాలి. దాన్ని చూసి సీత ఇలాగే ఉండేదని ఎవరూ అనుకోరు. ఇది గీసిన బొమ్మ అని ఆ గీతే చెప్తుంది. ఆ కలంకారీ వేసే గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వస్తే మురిసిపోయాం, పిల్లల పుస్తకానికి బొమ్మలు కావాల్సి వచ్చేసరికి మాత్రం ఆ వైపు చూడం.

చిత్తూరు దగ్గర హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పే మాస్టారు ఒకాయన ఉన్నారు. నాకు ఏ బొమ్మ సందేహం వచ్చినా ఆయనకే ఫోన్ చేస్తాను. ఈ మాట చెప్తే ఆయన ఒప్పుకోలేదు. "రాముణ్ణీ రాయల్నీ ఒకే గీతలో వేస్తే, పిల్లలకి పురాణమేదో చరిత్రేదో ఎట్ట తెలుస్తాదమ్మా? మీరు వద్దన్నదే మళ్ళీ ఇంకో దారిలో వస్తాది గదా" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు తిప్పలు పెట్టింది. చివరికి ఇద్దరం ఒకచోటికి వచ్చాం. మిగిలి ఉన్నది ఫొటోగా ఉండాలి, మిగలనిది గీతగా ఉండాలి, రెండూ ఒకే పేజీలో పక్కపక్కన ఉండాలి. పురాణానికి పక్కన ఫొటో పెట్టలేం, చరిత్రకి పెట్టగలం. పెట్టడానికి ఏమీ దొరకకపోతే ఆ పేజీ చరిత్ర పుస్తకంలో ఎందుకుందో ఆలోచించుకోవాలి.

ఇది పనిచేస్తుందా అని గుడిమల్లంతో చూశాం. ఏర్పేడు దగ్గర పరశురామేశ్వరుడి గుడిలో లింగం మీద నిలబడ్డ వేటగాడి ఫొటో ఒకవైపు. ఒక చేతిలో వెనక కాళ్ళు పట్టుకుని వేలాడదీసిన పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న కుండ, భుజాన గొడ్డలి, కాళ్ళ కింద మరుగుజ్జు. ఇంకోవైపు మాస్టారు గీసిన బొమ్మ, ఉలి పట్టుకుని ఆ రాయి ముందు కూర్చున్న శిల్పి, వీపు మాత్రమే కనపడుతుంది. రెండువేల ఏళ్ళ కిందటిదని, అంతకన్నా పాతదని రకరకాలుగా అంటారు, కాబట్టి "చాలా చాలా అవ్వల ముందు" అని రాశాం. పిల్లలు శిల్పి గురించి అడుగుతారని మా ఆశ. వాళ్ళు అడిగింది, కింద ఉన్నాయనకి నొప్పి పుట్టదా అని. నవ్వుతున్నాడు కదా అని ఒక పిల్ల చెప్పింది. అందరూ మళ్ళీ ఫొటో దగ్గరికి వంగారు.

హైదర్ అలీ పేజీ

ఒక్క పేజీ దగ్గర మాత్రం మాస్టారికీ నాకూ ఇంకా తెగలేదు. మైసూరుని ఏలిన హైదర్ అలీ 1782 డిసెంబరు 7న చనిపోయింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో, ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం మధ్యలో, డేరాలో. వీపు మీద రాచపుండు. కొడుకు టిప్పు వచ్చి చేరేదాకా సైన్యానికి ఆ సంగతి తెలియనివ్వలేదు. శవాన్ని రహస్యంగా కోలారుకి పంపారు, తర్వాత శ్రీరంగపట్నంలో సమాధి చేశారు. పిల్లలకి చెప్పదగ్గ కథలు మన పక్కన ఇంతకన్నా ఏమున్నాయి?

కానీ మొదటి వాక్యం పూర్తి కాకముందే "మంచోడా చెడ్డోడా?" అని అడుగుతారు. మన బొమ్మల పుస్తకాలు ఆ ప్రశ్నకి కళ్ళతో జవాబు చెప్పేస్తాయి. చెడ్డవాడైతే ఎర్రటి కళ్ళు, గుబురు కనుబొమలు. మంచివాడైతే తామరరేకులు. ఆ కళ్ళు గీయకుండా తప్పించుకోవడానికి మూసిన డేరా, బయట కాపలావాళ్ళు, వైద్యుడి చెప్పులు వేద్దామన్నాను. మాస్టారికి నచ్చింది. అయితే 1780 దండయాత్రలో ఈ వైపు ఊళ్ళు తగలబడ్డాయి, పైర్లు కాలాయి, జనం పారిపోయారు. అది చెప్పకుండా డేరా ఒక్కటే చూపిస్తే పాపం జబ్బుమనిషి కథ అవుతుంది. చెప్తే ఆరేళ్ళ పిల్ల రాత్రి నిద్రపోతుందా? ముందు పేజీలో దూరంగా పొగ ఉంటే చాలని నేనంటాను. పొగ వేశాక మంట ఎవరు పెట్టారో చెప్పాల్సిందే, ఇంగ్లీషువాళ్ళు పెట్టిన మంటలు కూడా చెప్పాల్సిందే, అప్పుడిది బొమ్మల పుస్తకం కాదు అని ఆయనంటారు.

పుస్తకం తయారైతే స్టోరీవీవర్ అనే పిల్లల పుస్తకాల వెబ్‌సైట్‌లో పెడదామనుకుంటున్నాం. రంగుల్లో అచ్చువేసే ఖర్చు మాకు లేదు, అక్కడైతే ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, వాళ్ళ భాషలోకి మార్చుకోవచ్చు, కావాలంటే బొమ్మలూ మార్చుకోవచ్చు. హైదర్ పుట్టిన బూదికోట కోలారు జిల్లాలోనే ఉంది. అక్కడివాళ్ళు దీన్ని కన్నడంలోకి తీసుకుంటే ఆ పొగ పేజీని ఉంచుతారో తీసేస్తారో చూడాలని ఉంది.